మూడు మీటర్లకీ ఒకటే వేలు

అన్నం తిని రెండు గంటలు ఎప్పుడవుతాయా అని గోడ గడియారం వంక చూస్తూ కూచున్నది సామ్రాజ్యం కాదు, ఆవిడ మొగుడు బసవపున్నారావు. సుగరు ఆవిడది, వేలు ఆవిడది, నొప్పీ ఆవిడదే. తొందర మాత్రం ఆయనది. భోజనాలబల్ల మీద తువ్వాలు పరిచి మూడు మీటర్లు వరసగా పేర్చి పెట్టుకున్నాడు. తెల్లది నూజివీడులో మందులషాపు కృష్ణకాంత్ దగ్గర కొన్నది. నల్లది ఫోన్లో బుక్ చేస్తే ఇంటికొచ్చింది. ఆ రెండిట్లో అబద్ధమాడేది ఏదో పట్టుకోడానికని మొన్న పనిగట్టుకుని విస్సన్నపేట వెళ్ళి నీలంది కొనుక్కొచ్చాడు. ఇద్దరి తగువు తీర్చడానికి మూడోవాణ్ణి పిలిస్తే ఏమవుతుందో అదే అయింది. ఇప్పుడు మూడూ మూడు మాటలు చెబుతున్నాయి.

“ఏదీ, చెయ్యిలా పెట్టు.”

“పొద్దున పెట్టానుగా. ఇంకా సలుపుతూనే ఉందండీ.”

“ఆ వేలు కాదు, పక్క వేలు.”

పక్క వేలు మాత్రం పక్కింటివాళ్ళదా! సామ్రాజ్యానికి ఒళ్ళు మండింది. మండినా చెయ్యి చాచింది. చాచకపోతే ఆయన అరుస్తాడు, ఆ అరుపుకి పాకలో మామిడికాయలు సర్దుతున్న కూలీలందరూ తలలు తిప్పుతారు. సూది టిక్కుమంది. మూడు మీటర్లకీ సరిపడా రక్తం రావాలి కదా, వేలి మొదట్నుంచి చివరిదాకా ఆవుపొదుగు పిండినట్టు పిండాడు. ఒక్కో స్ట్రిప్పుకీ ఒక్కో బొట్టు. ఆయన ఊపిరి బిగబట్టి వంగాడు.

“తెల్లది నూట అరవై ఎనిమిది. నల్లది నూట ఎనభై మూడు.” నీలం మీటరు దగ్గర కాస్త ఆగాడు. “రెండొందల నాలుగు! చూశావా! ఒకే చెయ్యి, ఒకే వేలు. ముగ్గురు దొంగలు.”

సామ్రాజ్యం చూడలేదు. చూడలేదు కాబట్టే ఈ గొడవంతా. కుడికన్ను పూర్తిగా పాలు పోసినట్టయిపోయింది. ఎడమకన్నుతో మనుషుల్ని పోల్చుకుంటుంది గానీ మీటరు మీద అంకె అలికేసినట్టుంటుంది. తన ఒంట్లో సుగరెంతో తెలియాలంటే ఆయన నోటి నుంచి రావాల్సిందే. విజయవాడ కంటాసుపత్రివాళ్ళు శుక్లాలు తీస్తామన్నారు. తిన్నాక రెండొందల లోపు ఉన్నట్టు వరసగా కొన్నాళ్ళు చూపించండి, మీటరు ఫోటో తీసి ఆసుపత్రి నంబరుకి వాట్సాప్ చెయ్యండి, తేదీ ఇస్తాం అన్నారు. అంతకన్నా వాళ్ళేమీ అడగలేదు. ఏప్రిల్లో ఇస్తామన్న తేదీ ఒకటి ఇలాగే పోయింది. ఇప్పుడు మే నెల సగమైంది. ఇంతవరకు ఆసుపత్రికి ఒక్క ఫోటో వెళితే ఒట్టు.

“ఆ నల్లదాన్నే ఫోటో తీసి పంపెయ్యండి. మధ్యలో ఉంది కదా.”

“మధ్యలో ఉంటే నిజమైపోతుందా? నీలంది నిజమైతే? నీకు రెండొందలు దాటినట్టేగా. రేపు కోసిన కన్ను మానకపోతే ఎవరిదే పూచీ?”

“పోనీ తెల్లది.”

“అది మరీ తక్కువ చూపిస్తోంది. మనల్ని మెప్పించడానికి చూపిస్తోంది. ముందు తేలాలి.”

తేలాలి. ఈ మాట వింటే చాలు ఆవిడకి తల పగలగొట్టుకోవాలనిపిస్తోంది. మామిడికాయల మార్కెట్ యార్డులో ఎలక్ట్రానిక్ కాటా మీద ఇరవై కిలోల రాయి పెట్టించి, అది పద్దెనిమిది చూపిస్తే కమిషన్ కొట్టు మూయించిన మనిషి ఆయన. సొంతూరు ముసునూరులో ఇప్పటికీ కాటా పున్నారావుగారంటేనే గుర్తుపడతారు. ఆ పేరు ఆయన నెత్తికెక్కి కూచుంది. లోకంలో అంకె చూపించే యంత్రం ఏదైనా సరే దొంగదే, తను రాయి పెట్టి తేల్చేదాకా. దీనికి రాయి ఎక్కణ్ణించి తెస్తాడని ఆవిడ నవ్వుకుంది. తెస్తాడని అనుకోలేదు.

తెచ్చాడు. సాయంత్రం ఆవిడ వంటింట్లో తడుముకుంటూ కూర తాళింపు వేస్తుంటే ఆయనొచ్చి పంచదార డబ్బా దించాడు. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు పంచదార వేసి గిరగిరా తిప్పి, నాలిక్కి రాసుకుని చూసుకుని, “ఇదిగో, దీంట్లో సుగరుందా లేదా?” అనడిగాడు.

“పంచదార వేస్తే సుగరుండదా ఏంటి!”

“అదీ. మనం వేసిందే కాబట్టి మనకు తెలుసు. ఇప్పుడు దీన్నడుగుదాం.” తెల్ల మీటరుకి స్ట్రిప్పు పెట్టి ఆ నీళ్ళు తాకించాడు. కాసేపటికి తొడ చరిచిన చప్పుడైంది. “‘లో’ అంట! ఉండవలసిన దానికన్నా తక్కువంట! పంచదార నీళ్ళలో పంచదార లేదంటోందే ఈ ముండాకొడుకు మీటరు!” నల్లదీ ‘లో’ అనే అంది. నీలం మీటరు అసలు ఏ అంకే చెప్పకుండా కుయ్యిమని మూలిగి ఊరుకుంది.

“మరి పంచదార నీళ్ళకే లేదన్నది నాకు నూట అరవై ఎలా చెప్పిందండీ?” అంది సామ్రాజ్యం.

ఆయన పంచదార డబ్బా ఎత్తి మళ్ళీ పైన పెట్టాడు. పొద్దున్నే నూజివీడు వెళ్దాం తయారుగా ఉండమన్నాడు.

*

కృష్ణకాంత్ షాపు ముందు జనం బాగానే ఉన్నారు. సామ్రాజ్యాన్ని లోపల స్టూలు మీద కూచోబెట్టి పున్నారావు కౌంటరు మీద మూడు మీటర్లూ పేర్చాడు. వాటి పక్కన ఇంటి దగ్గర్నుంచి సీసాలో పోసి తెచ్చిన పంచదార నీళ్ళు పెట్టాడు. దుకాణంలోవాళ్ళు దగ్గుమందుకొచ్చిన సంగతి మర్చిపోయి తొంగి చూడ్డం మొదలెట్టారు.

“ఏరా కృష్ణకాంతూ, దీనికి రాయి ఇవ్వు.”

“రాయేంటి బాబాయిగారూ?”

“కాటాకి రాయుంటుంది కదా. దీనికేదీ? ఇది ఒప్పో తప్పో నేనెలా తేల్చుకోవాలి?”

“దానికి వేరే మందునీళ్ళుంటాయండీ, కంపెనీవాళ్ళే చేస్తారు. ఇంత చూపించాలని స్ట్రిప్పుల డబ్బా మీద రాసుంటుంది. మా దగ్గర ఎవరూ అడగరు కాబట్టి పెట్టం. తెప్పిస్తాను.”

“ఎందుకు తెప్పించడం, నేనే తెచ్చాను” అని పున్నారావు నలుగురిలోనూ సీసా మూత తీశాడు. మీటరు మళ్ళీ ‘లో’ అంది. ఆయన దాన్ని చేత్తో ఎత్తి అందరికీ తిప్పి చూపించాడు. “చూడండయ్యా, చూడండి! పంచదార నీళ్ళకి సుగరు లేదంట. ఇది పెట్టుకుని మన ఆడాళ్ళకి మందులు మింగిస్తున్నాం. జనం ప్రాణాలతో వ్యాపారం చేస్తున్నావురా నువ్వు!”

“బాబాయిగారూ, పంచదార నీళ్ళతో చూడకూడదండీ...”

“నోర్ముయ్యి.”

కృష్ణకాంత్ నోరు మూసుకున్నాడు. వాడి నాన్న వయసు మనిషి, పైగా ఊళ్ళో పెద్దరైతు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయో లేదో సామ్రాజ్యానికి కనపడలేదు గానీ, మందుల చీటీ పట్టుకున్న ముసలాయనొకడు “అయితే నేను వేరే షాపుకి పోతానయ్యా” అని చీటీ వెనక్కి లాక్కోవడం మాత్రం వినపడింది. ఆవిడకి సిగ్గేసింది. స్టూలు మీంచి లేచి “ఏవండీ, పదండి” అంది. ఆయన కదల్లేదు. చివరికి కృష్ణకాంతే, “మేడ మీద ల్యాబుంది, వాళ్ళనడగండి. వాళ్ళు తప్పంటే మూడిటికీ నేనే డబ్బులిచ్చేస్తాను” అన్నాడు. మెట్లెక్కడానికి ఆవిడ గోడ పట్టుకుంటే ఆ కుర్రాడే వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. పున్నారావు అప్పటికే సగం మెట్లెక్కేశాడు.

ల్యాబులో అమ్మాయి పేరు యోగిత. మాట నెమ్మదిగా ఉంది. పంచదార నీళ్ళ సంగతి విని నవ్వబోయి ఆపుకున్నట్టుంది. “అంకుల్, మనం టీలో వేసుకునే పంచదార వేరండీ, రక్తంలో తిరిగే గ్లూకోజు వేరు. ఈ స్ట్రిప్పు గ్లూకోజునొక్కదాన్నే పోల్చుకుంటుంది. పంచదార పోస్తే దానికి ఏమీ లేనట్టే. అందుకే లో అంది. అది కరెక్టేనండీ.”

సామ్రాజ్యానికి లోపల చల్లగా అనిపించింది. అబద్ధమెందుకు, బాగా చల్లగా అనిపించింది.

యోగిత ఆవిడ మోచేతి దగ్గర నరం చూసుకుని రక్తం తీసింది. అదే సమయానికి వేలి నుంచి మూడు మీటర్లూ చూసింది. వేళ్ళకి ఏమన్నా అంటుకుని ఉంటే లెక్క తప్పుతుందని ముందే సబ్బుతో కడిగించింది. తేలిందేంటయ్యా అంటే, ల్యాబు మిషను నూట డెబ్బై తొమ్మిదంది. మీటర్లు అటొకటి ఇటొకటి ఉన్నాయి. “మూడూ పనికొచ్చేవేనండీ. ఇంటి మీటరు పదిహేను శాతం దాకా అటూ ఇటూ అవచ్చు. అంతవరకు ఒప్పుకుంటారు.”

“పదిహేను శాతమా!” ఆయన గొంతు మళ్ళీ లేచింది. “నూరు కిలోల కాయకి పదిహేను కిలోలు తరుగు తీస్తానంటే నేనూరుకుంటానా అమ్మాయ్?”

“ఇది కాయ కాదండీ. ఏదో ఒక మీటరు పట్టుకుని రోజూ దాంతోనే చూసుకోండి. పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తెలుస్తుంది. ఆంటీకి ఆ మాత్రం చాలు. ఎలా ఉంటోంది ఆంటీ మీకు?”

ఎలా ఉంటోంది అని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో! సామ్రాజ్యం నోరు తెరిచేలోపు పున్నారావు “ఆవిడకేం, బాగానే ఉంది. ఇంతకీ ఈ పదిహేను శాతం ఎవరు రాశారు?” అన్నాడు.

కిందకి దిగాక ఆయన కృష్ణకాంత్ వైపు చూడకుండా తిన్నగా కారెక్కాడు. పంచదార నీళ్ళ సీసా కౌంటరు మీదే ఉంది. సామ్రాజ్యం గుమ్మం దగ్గర ఆగి “ఏమనుకోకు బాబూ” అంది. “పర్లేదు పిన్నిగారూ” అన్నాడు వాడు. ఆ గొంతులో పర్లేదన్నది ఏ మాత్రమూ లేదు.

కారు నూజివీడు దాటేదాకా పట్టి ఉంచి అప్పుడంది ఆవిడ. “విన్నారుగా. ఏదో ఒకటి చాలంది ఆ అమ్మాయి. ఇవాళ ఫోటో పంపెయ్యండి.”

“ఒక్క మనిషి రక్తంతో తేలదు సామ్రాజ్యం. యార్డులో కూడా ఒక్క బస్తా తూచి ఊరుకోలేదు నేను. పదిమందివి చూడాలి.”

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. బయట తోటలన్నీ ఆకుపచ్చ అలుకుడుగా వెనక్కి పోతున్నాయి. ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది. ఈ కళ్ళు బాగుంటే ఈయన్ని బతిమాలే పనేంటి తనకి!

*

మర్నాడు పాకలో రసాల కాయలు సర్దుతున్నారు. చెట్లకింద వల చిక్కాలు కట్టిన గెడలతో కోసిన కాయ ట్రేలలో వస్తుంది, ముచ్చిక దగ్గర సొన కారిపోయాక ఆడవాళ్ళు తుడిచి, సైజు వారీగా అట్టపెట్టెల్లో పెడతారు. మేలురకం ‘ఏ’ గ్రేడు పెట్టెలు సామ్రాజ్యానివి. పెళ్ళయి వచ్చిన ఏడు నుంచీ అవి ఆవిడవే. ఇప్పుడు కంటితో కాదు, చేత్తో సర్దుతోంది. కాయని అరచేతిలో తిప్పి, ముచ్చిక చుట్టూ బొటనవేలితో నొక్కి, మెత్తగా తగిలితే పక్కన పడేస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే లోపల పులిసిందీ లేనిదీ తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే అనుకుంది. కానీ సూదిపోట్లతో వేలి కొసలు తిమ్మిరెక్కి ఉన్నాయి. పక్కన కూచున్న మంగమ్మ మాటామంతీ లేకుండా ఆవిడ పెట్టెలోంచి ఒక కాయ తీసి బయట పెట్టింది. కాసేపయ్యాక ఇంకోటి తీసింది.

“ఏంటే మంగమ్మా అది?”

“ఏం లేదమ్మగారూ. చిన్న మచ్చ.”

“పెద్దదేనా?”

“...పెద్దదేనండి.”

సామ్రాజ్యం చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మంగమ్మ చాట్రాయి వైపు మనిషి, ఈ తోటలో పనికి రావడం మొదలెట్టి చాలా ఏళ్ళే అయింది. చెట్టెక్కే మగాళ్ళతో సమానంగా బరువులెత్తేది. ఈ ఎండాకాలం మాత్రం ట్రే ఎత్తినప్పుడల్లా ఆయాసపడుతోంది. చీర కుచ్చెళ్ళు ఒంటికి ఆనడం లేదు, చిక్కిపోయిందని అందరూ అంటున్నారు. సామ్రాజ్యానికి కనపడదు గానీ పక్కన కూచుంటే ఆ ఆయాసం వినపడుతుంది.

మధ్యాన్నం అన్నాలయ్యాక పున్నారావు ట్రే బోర్లించి దాని మీద తువ్వాలు పరిచాడు. “అందరూ సబ్బుతో చేతులు కడుక్కుని రండి. రసం అంటుకుంటే లెక్క తప్పుద్ది.” ముందు చెట్టెక్కేవాళ్ళని పిలిచాడు. మామిడి సొన కాల్చి కాల్చి గట్టిపడిపోయిన వేళ్ళు, సూది దిగలేదు. నొక్కుడు పెంచి మళ్ళీ గుచ్చాడు. ఒకడు అబ్బా అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. “నూట నాలుగు, నూట పన్నెండు, నూట పద్దెనిమిది.” ఇంకొకడు. ఇంకొకడు. కూలీ వద్దనడు, ఎలా అంటాడు! ఒక్కో మనిషికీ సూది మార్చి, మూడేసి అంకెలు చదివి, తేడా పైకి లెక్కగట్టి, “ఊఁ, పో” అంటున్నాడు.

మంగమ్మ వంతొచ్చింది. పున్నారావు తెల్ల మీటరు చదివాడు. “మూడొందల పద్దెనిమిది.” నల్లది చదివాడు. “మూడొందల యాభై.” నీలంది చదివి ట్రే మీద అరచేత్తో కొట్టాడు. “మూడొందల ఎనభై! చూశావా సామ్రాజ్యం, అరవై తేడా! నేను చెబుతూనే ఉన్నా, పైకి పోయేకొద్దీ దొంగతనం పెరుగుతోంది.”

“నాదెంతండీ అయ్యగారూ?” అంది మంగమ్మ వేలు చీర చెంగుతో అదుముకుంటూ.

“నీది కాదమ్మా, మీటరుది చూస్తున్నాను. వెళ్ళు, వెళ్ళి పెట్టెలు కట్టు.”

మంగమ్మ వెళ్ళింది. ట్రే ఎత్తిన చప్పుడు, ఆ వెనకే ఆయాసం. సామ్రాజ్యం ఆయన వైపు తిరిగింది. “మూడొందలేంటండీ? ఆ మనిషికి చెప్పరేంటి?”

“ఏమని చెప్పను? మూడొందల పద్దెనిమిదనా, ఎనభై అనా? ఏది నిజమో తేలకుండా చెబితే భయపడి చస్తుంది.”

“మూడూ మూడొందలు దాటాయి కదండీ! పోనీ అరవై తీసెయ్యండి, ఆ పదిహేను శాతం కూడా తీసెయ్యండి. అప్పుడైనా సుగరున్నట్టేగా!”

“నీకు లెక్క తెలీదు, ఊరుకో.”

లెక్క తెలీదట! పదిమంది కూలీల ముందు! ఆవిడ ఇంకేదో అనబోతుంటే ఆయన ఫోను మోగింది. కంటాసుపత్రి సిస్టరు. ఆ పిల్ల గొంతు ఫోనులోంచి బయటికే వినపడుతోంది. ఈ నెలకి శుక్రవారం ఒక్కటే ఖాళీ మిగిలింది, తర్వాత డాక్టరుగారు లేరు, మళ్ళీ జులైకే. సామ్రాజ్యంగారి లెక్కలు ఒక్కటీ రాలేదేంటండీ అని అడుగుతోంది. “ఇక్కడ మీటర్ల సంగతి తేలలేదమ్మా, తేలగానే పంపిస్తాం” అన్నాడు పున్నారావు. ఫోను పెట్టేసి నీలం మీటరు బ్యాటరీ తీసి, తుడిచి మళ్ళీ పెట్టాడు. సామ్రాజ్యం ఇంట్లోకి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే ఆయన లోడుతో యార్డుకి వెళ్ళాడు. వచ్చేసరికి సాయంత్రమవుతుందని చెప్పి వెళ్ళాడు. సామ్రాజ్యం భోంచేసింది. రేడియోలో పాటలు విని, వార్తలు విని, రెండు గంటలు గడిచాయనుకుని నల్ల మీటరూ స్ట్రిప్పుల డబ్బా సూదులూ తన ఫోనూ కొంగులో కట్టుకుని పాకలోకి వచ్చింది.

“మంగమ్మా, నీకు అంకెలు వచ్చు కదా?”

“రాకపోతే పెట్టెల మీద నంబర్లు ఎవరేస్తారమ్మగారూ!”

“చేతులు కడుక్కునిరా. ఇలా కూచో.”

స్ట్రిప్పు ఎటువైపు దూర్చాలో ఆవిడ వేళ్ళకే తెలుసు, ఇన్నాళ్ళుగా వింటున్న చప్పుళ్ళే దారి చూపించాయి. మొదటిసారి తన సూది తనే గుచ్చుకుంది. ఆయన గుచ్చినంత నొప్పి లేదు. వేలు పిండలేదు కూడా, ఒక్క బొట్టు చాలు కదా.

“ఒకటి, ఏడు, ఆరు” అంది మంగమ్మ.

నూట డెబ్బై ఆరు. సామ్రాజ్యం ఆ అంకెని లోపలే రెండుసార్లు అనుకుంది. ఎవరి దయా లేకుండా తెలిసింది. మంగమ్మ ఫోటో తీసింది, వాళ్ళమ్మాయి లావణ్య నేర్పిందట, ఫోను గట్టిగానే పట్టుకుంది. ఆసుపత్రి నంబరుకి పంపి, మాట కూడా రికార్డు చేసి పెట్టారు. కాసేపటికి సిస్టరే ఫోన్ చేసింది. “బాగుందమ్మా. వెనకటి రోజులవి కూడా కావాలి. అదే మీటర్లో బటన్ నొక్కితే పాతవి వస్తాయి, తేదీతో సహా. వాటినీ ఫోటోలు తీసి పంపండి.”

మంగమ్మ బటన్ నొక్కడం మొదలెట్టింది. నొక్కగానే ఆగింది.

“అమ్మగారూ, నిన్నటిది మూడు, ఐదు, సున్నా. ఇంత పెద్దదుందేంటి? ఇది మీదేనా?” గొంతులో కంగారు. “మీకు ఇంతుందా అమ్మగారూ?”

“నాది కాదే. నీదే.”

“నాదా?”

“నిన్న నీ వేలిది. సుగరుంది నీకు. చాలా ఉంది. నిన్నే చెప్పాల్సింది.”

మంగమ్మ బటన్ మళ్ళీ నొక్కింది. నూట పదులూ నూట ఇరవైలూ కూలీలవి దాటించి, సామ్రాజ్యంవి ఒక్కొక్కటే వెతికి, ఫోటోలు తీసింది. నూట ఎనభై మూడు, నూట ఎనభై ఆరు, నూట తొంభై. రెండొందలు ఎక్కడా లేదు. అన్నీ పంపేశాక అప్పుడడిగింది, “సుగరుంటే పనిలోంచి తీసేస్తారా అండీ?” అని.

“ఎవరే తీసేసేది! నన్ను తీసేశారా?” సామ్రాజ్యం గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. “చెయ్యివ్వు. ఇవాళెంతుందో మళ్ళీ చూద్దాం.”

మూడు, మూడు, ఎనిమిది. మంగమ్మే చదువుకుంది. అంతలో ఫోను టింగుమంది. సిస్టరు మాట. శుక్రవారం పొద్దున్నే రండమ్మా, ఖాయం చేశాం.

సామ్రాజ్యం ఆ మాటని రెండోసారి వింటుండగా పున్నారావు కారు వచ్చి ఆగింది. ధర పడిపోయినట్టుంది, కారు తలుపు వేసిన తీరులోనే తెలిసింది. పాకలోకి వచ్చి చూశాడు. కూలీ మనిషి చేతిలో తన మీటరు, పెళ్ళాం చేతిలో ఫోను.

“ఏంటిది? ఎవరు తియ్యమన్నారు?”

“శుక్రవారం ఆపరేషన్. తేదీ ఇచ్చేశారు.”

“ఏ మీటరుది పంపావ్?”

“నల్లది.”

“తేలకుండానే! నేను ఇంత కష్టపడుతుంటే...” ఆయన మీటరు వైపు చెయ్యి చూపించాడు. “ఆ లెక్క తప్పయితే? దానికి ఎవరు జవాబు?”

“తప్పో ఒప్పో ఇప్పుడే చూద్దాం. మీ చెయ్యివ్వండి.”

“నాదెందుకు?”

“ఊళ్ళో అందరి వేళ్ళూ గుచ్చారు. మీది గుచ్చలేదు. సుగరు లేనివాళ్ళు మీరొక్కరేగా ఈ ఇంట్లో.”

కూలీలు పని ఆపి చూస్తున్నారు. వాళ్ళ ముందు వెనక్కి తగ్గే రకం కాదు ఆయన. “ఇదిగో” అని మోచెయ్యి దాకా చొక్కా మడిచాడు. “నాకు తొంభై దాటితే పేరు మార్చుకుంటా. అప్పుడు తెలుస్తుంది దీని బండారం.” కుళాయి దగ్గర సబ్బుతో బాగా కడుక్కుని, తుడుచుకుని వచ్చి కూచున్నాడు. సామ్రాజ్యం ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని వేలి కొస తడిమి చూసుకుంది. ఇన్నేళ్ళలో ఆ చేతిని ఇంత సేపు పట్టుకున్న గుర్తు లేదు. కొత్త సూది వేసి గుచ్చింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

మంగమ్మ చదివింది. “మూడు, ఒకటి, రెండు.”

“సరిగ్గా చూడు!”

“మూడొందల పన్నెండే అయ్యగారూ.”

పున్నారావు మీటరు లాక్కుని తనే చూసుకున్నాడు. “చూశారా, తప్పుడుది! నేను చెప్పలేదూ!” అంటూ ఇంట్లోకి దాదాపు పరుగెత్తి తెల్లదీ నీలందీ పట్టుకొచ్చాడు. ఈసారి తనే గుచ్చుకున్నాడు, తనే పిండుకున్నాడు. స్ట్రిప్పు పెడుతుంటే ఒకటి కింద పడింది. ఇంకోటి తీసుకున్నాడు. తెల్ల మీటరు టింగుమంది. తర్వాత నీలంది. ఆయన ఏదీ పైకి చదవలేదు.

“ఎంతండీ?” అంది సామ్రాజ్యం.

ఆవిడ మంగమ్మ వైపు తిరిగింది.

“తెల్లది రెండొందల తొంభై ఆరు. నీలంది మూడొందల ముప్పై” అంది మంగమ్మ. కాస్త ఆగి, అయ్యగారిని ఊరడించాలనుకుందో ఏమో, “నాదీ మూడొందల పైనేనండీ. మన ఇద్దరిదీ ఇంచుమించు ఒకటేనండి” అంది.

ఆయన కోప్పడతాడనుకుంది సామ్రాజ్యం. బోర్లించిన ట్రే మీద అలాగే కూచుండిపోయాడు. అరవై తేడా అనలేదు, పదిహేను శాతం అనలేదు. కూలీలు ఒక్కొక్కరే మళ్ళీ కాయల మీదికి వంగారు. కాగితం నలిగిన చప్పుడు, పెట్టెకి టేపు లాగిన చప్పుడు. వాటి మధ్య ఆయన గొంతు వినపడింది, ఆ గొంతు ఎవరిదోలా ఉంది.

“మంగమ్మా, రాత్రిళ్ళు దాహమేస్తుందా నీకు?”

“వేస్తుందండీ. చెంబు పక్కనే పెట్టుకు పడుకుంటాను. తాగిందల్లా పొయ్యడానికి లేవడం, మళ్ళీ దాహం. నిద్దరుండదు.”

“నాక్కూడా” అన్నాడు పున్నారావు.

పక్క మంచం మీద పడుకునే మనిషి తనతో ఈ మాట ఎన్నడూ అనలేదు. సామ్రాజ్యానికి కోపం రావాల్సింది, వచ్చింది కూడా, కానీ ఆయన చెయ్యి వచ్చి తన మోకాలి మీద ఆనింది. దాన్ని తీసెయ్యలేదు.

“శుక్రవారం పొద్దున్నే కారు తియ్యండి. ముందు నా కన్ను. వచ్చేటప్పుడు యోగిత దగ్గర ఆగి మీదీ మంగమ్మదీ చూపిద్దాం. మంగమ్మ మనతోనే కారులో వస్తుంది.”

“అలాగే” అన్నాడు ఆయన.